తిరగేసిన బూట్లు

ఆయన జూలైలో పోయారు. పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో, కాళ్లకి హవాయి చెప్పులతో, ఎండలో కూర్చుని ఉండగా పోయారు. దరిదాపుల్లో గోరంత మంచు కూడా లేదు. మంచు మీద జారిపడకుండా నడవడమెలా అన్న ఒక్క విషయం మీద అంత బుర్ర ఖర్చుపెట్టిన మనిషికి ఇలాంటి చావు రావడం నాకు అన్యాయమనిపించింది. పరామర్శకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "పోనీలెండి, ఎక్కడా పడకుండా పోయారు, అదీ ఒక అదృష్టమే" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయన ఉండుంటే మాత్రం నిజమేనని తలూపేవారు.

నిన్న పొద్దున మా ఊరు కిచెనర్‌లో ఈ ఏటి మొదటి ఫ్రీజింగ్ రెయిన్ పడింది. పడేటప్పుడు మామూలు వానే. నేలని తాకగానే గాజైపోతుంది. కిటికీ తెర తీసి చూస్తే చెట్ల కొమ్మలకీ, కార్లకీ, మెయిల్ బాక్సులకీ పాకం పట్టించినట్టుంది. శనివారం కాబట్టి ఆఫీసు గొడవ లేదు. కాఫీ కప్పు పట్టుకుని అక్కడే నిలబడితే నాకు ఆయన అడిగే ప్రశ్న గుర్తొచ్చింది.

"ఎక్కడి నుంచి ఎక్కడికి?"

మంచులో వేసుకోవడానికి ఏవి కొనమంటారంకుల్ అని ఎవరడిగినా ఆయన ముందు ఈ ప్రశ్న వేసేవారు. అవతలివాళ్లు తెల్లబోయి, "అంటే, ఎక్కడికనేం లేదు, మామూలుగా వింటర్‌కి" అనేవారు.

"వింటర్ ఊరి పేరు కాదు. ఏ గుమ్మంలో బయల్దేరతావు? ఏ గుమ్మంలో ఆగుతావు? అది చెప్పు."

ఎవరూ చెప్పలేకపోయేవారు. ఈ దేశం వచ్చి జుట్టు నెరిసినవాళ్లకి కూడా తమ ఇంటి ముందు నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తెలియదు. ఇంట్లోంచి కారులోకి, కారులోంచి ఆఫీసులోకి. మధ్యలో ఉన్న ఆ కాస్త నేల ఎవరి కళ్లకీ ఆనదు. మనుషుల్ని పడేసేది ఆ కాస్త నేలేనని ఆయన నమ్మకం. సార్నియాలో పెట్రోకెమికల్ ప్లాంట్లో సేఫ్టీ ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి, నేలని అనుమానించడం ఉద్యోగంలోనే అలవాటైపోయింది. రిటైరయ్యాక భార్యతో మా వీధి చివర టౌన్‌హౌస్ కొనుక్కుని వచ్చారు.

ఆయన్ని నేను మొదటిసారి చూసింది వెనక నుంచి. మా వీధిలోనే ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. జనవరి కావడంతో గుమ్మం లోపల బూట్లు గుట్టపడి ఉన్నాయి. ఆ గుట్ట ముందు చిన్న స్టూలు మీద పట్టుపంచె కట్టుకున్న ఒక పెద్దాయన, పూజకి వీపు పెట్టి కూర్చున్నారు. ఒక్కొక్క బూటూ తీసి, తిరగేసి, అడుగు చూసి, బొటనవేలితో నొక్కి, అలా బోర్లానే పక్కన పెడుతున్నారు. లోపల పంతులుగారు కథ చదువుతున్నారు. కథ ముగిసేసరికి సగం ఊరి బూట్లు కాళ్లు పైకెత్తి పడుకున్నాయి.

మన ఇళ్లలో చెప్పులు తిరగబడి ఉండకూడదు. ఉంటే ఆ ఇంట్లో గొడవలవుతాయి. ఇది ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు, పాటించనివాళ్లు మాత్రం లేరు. ఎంత చదువుకున్నా, ఎంత తొందరలో ఉన్నా, తిరగబడిన చెప్పు కనిపిస్తే కాలితోనైనా సరిచేసి కదులుతాం. అలాంటిది వ్రతం రోజున, దేవుడు ఇంట్లో ఉండగా, వచ్చినవాళ్లందరి బూట్లూ బోర్లా. ఆ ఇంటి ఇల్లాలు ప్రసాదం గిన్నెతో గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"అంకుల్! ఏంటండీ ఇది?"

"పడేవి ఇటు పెట్టానమ్మా. నిలబడేవి అటు. అటు ఇంకా ఏం చేరలేదు."

ఆయన వెనకే, వెంకటగిరి చీరలో సన్నగా ఉన్న ఒక పెద్దావిడ వంగి ఆ బూట్లన్నీ మళ్లీ సరిచేస్తూ వస్తున్నారు. ఆయన ముందు, ఆవిడ వెనక, నాట్లేసేవాళ్లలా వరుసలో జరుగుతున్నారు.

"ఇంట్లో గొడవలొస్తాయని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"రానీ," అన్నారాయన, ఇంకో బూటు తిరగేస్తూ.

వాళ్లిద్దరి కాపురంలో ఈ రెండు ముక్కలూ ఎన్నాళ్లుగా నడుస్తున్నాయో తెలియదు గానీ, ఆవిడ గొంతులో కొత్త కోపం లేదు, ఆయన గొంతులో కొత్త మొండితనం లేదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగి, సరిపోయిందని చెప్పుకున్నట్టుంది.

భోజనాల వేళకి ఆయన ఒక జత చేత్తో పైకెత్తి హాల్లోకొచ్చారు. "ఈ గోధుమరంగు బూట్లెవరివి?"

మనవాళ్ల ఫంక్షన్లలో అలాంటి కేక వినపడితే అర్థం ఒకటే, ఎవరి కారో ఇంకెవరి కారుకో అడ్డొచ్చిందని. హార్ట్ డాక్టరుగారొకాయన ప్లేటుతో సహా లేచారు. "నావేనంకుల్. కారు తీయాలా?"

"కారుండనీ. వీటితో పడతావు నువ్వు."

"లేదంకుల్, ఇవి చాలా మంచివి. మైనస్ ఫార్టీ దాకా పనిచేస్తాయి."

"ఆఁ. వెచ్చగా పడతావు."

డాక్టరుగారు పులిహోర నములుతూ కూర్చున్నారు. తరవాత ఎత్తింది నా బూట్లు.

"ఈ పక్క జిప్పు బూట్లెవరివి?"

నేను చెయ్యెత్తాను. ఆయన దగ్గరికొచ్చి నా మొహం చూడలేదు. బూటు మడమ చూపించారు. "ఒక్క పక్కే అరిగింది. భయపడుతూ నడిచేవాళ్లది ఇలా అరుగుతుంది. ఏ ఎముక?"

"కుడి మణికట్టు."

"ఎక్కడ?"

"బస్ స్టాప్ దగ్గర. వచ్చిన మొదటి వింటర్‌లో."

"తరవాత?"

"తరవాత మంచులో నడవలేదంకుల్. మా వారు కార్లో దింపుతారు."

"ఎప్పటిదాకా?"

నాకు ఒళ్లు మండింది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ముక్కూ మొహం తెలియని మనిషి, చేతిలో నా బూటుతో, నలుగురి మధ్యలో అడగాల్సిన ప్రశ్న కాదది. ఇంకా మండింది ఎందుకంటే, జవాబు నా దగ్గర లేదు. మా వారి ఉద్యోగం దూరంగా ఎటోబికోకి మారబోతోంది, తెల్లారకుండానే వెళ్లిపోతారు. మా ఆఫీసేమో మళ్లీ అందరినీ రమ్మంటోంది. ట్రామ్ స్టాప్ మా వీధి దాటగానే ఉంది. డ్రైవింగ్ నేర్చుకోమంటే అదీ మంచులోనే కదా అనేదాన్ని. నవంబరు రాగానే గంప కింద కోడిలా ఇంట్లో కూర్చునేదాన్ని. బయటికి ఎన్ని సాకులు చెప్పినా ఉన్నది ఒకటే, భయం. కాలు జారిన క్షణంలో నేల లేకపోవడమనే ఆ అనుభవం ఇంకోసారి వద్దనే భయం.

"శనివారం పొద్దున వస్తాను," అన్నారు. "కాఫీలో పంచదార వద్దు."

నిజంగానే వచ్చారు. చేతిలో కర్ర, భుజానికి గుడ్డ సంచి. కాఫీ తాగి, "పద, నీ ట్రామ్ దాకా" అన్నారు. నేను గోడలూ కంచెలూ పట్టుకుంటూ వెనక నడిచాను. ఆయన ఒక్కోచోట ఆగి కర్రతో నేలని కొట్టి చూపించారు. మా డ్రైవ్‌వే ఏటవాలు. మూలింటివాళ్ల చూరు గొట్టం నీళ్లు సరిగ్గా కాలిబాట మీదికి వదులుతోంది, రాత్రికి గడ్డకట్టి పొద్దున్నకి అద్దం. అక్కడి నుంచి చర్చి పార్కింగ్ లాటు, మంచు కరిగేలా ఉప్పు బాగా చల్లుతారు, భయం లేదు. చివర ట్రామ్ షెల్టర్, నున్నటి పలకల నేల.

"నీ శత్రువులు ఇద్దరు," అన్నారు. "ఆ గొట్టం ఒకటి. ఈ పలకలు ఒకటి. ఒకదానికి పనికొచ్చేది రెండోదానికి పనికిరాదు. అందుకే ఎక్కడి నుంచి ఎక్కడికని అడిగేది."

బూట్ల కింద తొడుక్కునే ఆ రబ్బరు పట్టీల్ని, మేకులున్నా స్ప్రింగులున్నా, ఆయన లాడాలనే పిలిచేవారు. ఎడ్లకీ గుర్రాలకీ కొట్టేవి. "లాడాలు కొనుక్కున్నావా?" అని ఆయన వీధిలో అరిస్తే సాఫ్ట్‌వేర్ మేనేజర్లు అటూ ఇటూ చూసి తల వంచుకునేవారు. డబ్బా మీద పేర్లంటే ఆయనకి చులకన. "డబ్బా మీద కొండెక్కేవాడి బొమ్మ ఉందనుకో, అది నీకు కాదు. నువ్వు కొండెక్కడం లేదు. మూలింటి గొట్టం దాటుతున్నావు."

ఆ మధ్యాహ్నం నన్ను వాళ్ల పెరట్లోకి తీసుకెళ్లారు. అక్కడ ఆయన సాయంత్రాలు బకెట్లతో నీళ్లు పోసి, ఏటవాలుగా ఒక మంచు పలక తయారుచేసి పెట్టారు. దాని మీదుగా బట్టలారేసే తాడు ఒకటి, ఈ కంచె నుంచి ఆ కంచెకి. ఉన్న మంచు చాలక ఇంకా చేసుకుంటున్న మనిషని పక్కింటి తెల్లాయన ఎవరితోనో అన్నాడట. ఆయన మడత కుర్చీలో కూర్చుని, స్టీలు గ్లాసులో కాఫీతో, నా ఎడమ బూటుకి స్ప్రింగు చుట్టినవీ కుడి బూటుకి మేకులవీ తొడగమన్నారు.

వంటింటి కిటికీలోంచి ఆంటీ అరిచారు. "ఆ పిల్లని పడేస్తారు మీరు!"

"తాడుంది," అన్నారాయన.

అడుగేశాను. ఎడమకాలు సార్నియా వైపు వెళ్లింది. కుడికాలు కిచెనర్‌లోనే ఉండిపోయింది. నేను తాడుకి వేలాడాను.

"అంకుల్! స్ప్రింగువి జారతాయని చెప్తే సరిపోయేది కదా!"

"చెప్తే నీకు తెలుస్తుంది. కాలికి తెలియాలి." కాఫీ ఒక గుక్క తాగారు. "స్ప్రింగువి తొక్కిన మంచు మీద బానే ఉంటాయి. అద్దం మీద ఉత్తవే. ఇప్పుడు కుడికాలు చూడు."

కుడికాలు మేకు దిగినట్టు నిలబడి ఉంది. దాన్ని చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ కాలు నాదేనా అనిపించింది. కళ్లు తుడుచుకుంటుంటే చలికి నీళ్లొస్తున్నాయని ఆయన అనుకున్నారో, అనుకున్నట్టు నటించారో, పాఠం మాత్రం ఆపలేదు. బూటు ముందు భాగానికే తొడిగేవి కొనకు, మనం ముందు మోపేది మడమ. చెప్పుల నంబరు చూసి కొనకు, బూటు పట్టుకెళ్లి దానికి తొడిగి చూడు. గ్లవ్స్ తీయకుండా లాగగలగాలి, లేకపోతే విసుగొచ్చి తొడగడం మానేస్తావు. అన్నీ అయ్యాక అసలు ప్రశ్న వేశారు.

"ఎక్కడ కూర్చుని తీస్తావు?"

"ఏంటంకుల్?"

"పలకల నేల మీద మేకులు మంచు కంటే ఘోరం. షెల్టర్‌లోకి అడుగుపెట్టే ముందే తీయాలి. ఒంటికాలి మీద నిలబడి తీస్తే పడేది అప్పుడే. బయట బెంచీ ఉంది. దాని మీద కూర్చో. ట్రామ్ పోతే పోనీ, ఇంకోటొస్తుంది."

ఆ చలికాలమంతా నేను ట్రామ్ దాకా నడిచాను. మూలింటి గొట్టం దగ్గర మేకులు కరకరమంటుంటే, ఆ చప్పుడు నాకు ఏ సన్నాయికీ తీసిపోలేదు. చెప్పుకోవడానికి చిన్న సంగతే, వీధి చివరిదాకా నడవడం. నాకు మాత్రం పెద్దదే.

తరవాత కొన్నాళ్లకి ఆంటీకి మరుపు మొదలైంది. ముందు స్టవ్ మీద పాలు, తరవాత మనుషుల పేర్లు, ఆ తరవాత ఇంటి దారి. ఒకసారి పోలీసులు తీసుకొచ్చి దింపాక, పార్కుకి అవతల ఉన్న కేర్ హోమ్‌లో చేర్చక తప్పలేదు. అదే సమయంలో కళ్లు సరిగ్గా లేవని ఆయన లైసెన్సు పోయింది. ఆయన రోజూ మధ్యాహ్నం క్యారియరు కట్టుకుని పార్కు మీదుగా నడిచి వెళ్లడం మొదలుపెట్టారు. క్యాల్గరీలో ఉన్న కూతురు ఫోన్లో "డాడ్, జస్ట్ టేక్ ఎ క్యాబ్" అని గోల పెట్టేది.

"క్యాబ్ గేటు దగ్గర దింపుతుంది," అన్నారు నాతో. "గేటు నుంచి తలుపు దాకా ఉన్నదే గండం. దానికి క్యాబ్ ఎందుకు?"

పోయిన చలికాలంలో, నిన్నటిలాంటి రోజే, ఇంటి నుంచే పని చేసుకుంటూ కిటికీలోంచి చూస్తే ఆయన కనిపించారు. అద్దమైపోయిన వీధిలో ఇంకో పురుగు లేదు. ఆయనొక్కరే, క్యారియరు సంచి ఛాతీకి అడ్డంగా వేసుకుని, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని, పాదాలు ఎడంగా వేస్తూ పోతున్నారు. నేను మీటింగ్ మధ్యలో వదిలేసి లాడాలు తొడుక్కుని బయటికి పరిగెత్తాను. పరిగెత్తానంటే, ఆ నేల మీద ఎంత పరిగెత్తొచ్చో అంత.

"ఇవాళ ఒక్కరోజు మానెయ్యొచ్చు కదంకుల్. వాళ్లు భోజనం పెడతారు కదా."

"బాతులా నడువు," అన్నారు. "సిగ్గుపడకు. బాతులు పడవు."

"మీరు పడితే?"

"నేను పడితే నాకు ఒక ఎముక విరుగుతుంది. ఆవిడకి రెండు కాళ్లూ పోతాయి."

నాకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పే రకం కాదు, అడిగే ఓపిక నాకూ లేదు. ఇద్దరం బాతుల్లా పార్కు దాటాం.

కేర్ హోమ్ గుమ్మం లోపల బెంచీ మీద నేను లాడాలు ఊడదీసి జేబులో పెట్టుకున్నాను. ఆయన మాత్రం బూట్లే విప్పేసి, సంచిలోంచి గుడ్డ చెప్పులు తీసి వేసుకుని, లాడాలతో సహా బూట్లు చేత్తో పట్టుకుని నడిచారు. ఆంటీ గదిలో, తలుపు పక్కనున్న రబ్బరు చాప మీద నేను నా బూట్లు విడిచి వరుసగా పెట్టాను. ఆయన తనవి బోర్లా పెట్టారు. మేకులు పైకి మెరుస్తున్నాయి. అలవాటుకొద్దీ నా చెయ్యి సరిచేయడానికి వెళ్లింది. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ముట్టుకోకు."

ఆంటీ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. మమ్మల్ని చూసి కూడా చూడనట్టే ఉన్నారు. ఆయన పలకరించలేదు. బల్ల దగ్గర కూర్చుని, క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటే విప్పుతూ, తన పని తాను చేసుకుంటున్నట్టున్నారు. కాసేపటికి ఆవిడ చూపు గదంతా తిరిగి చాప మీదికొచ్చింది. అక్కడ ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. కుర్చీ చేతుల మీద ఆవిడ చేతులు బిగుసుకున్నాయి. లేచారు. మంచం కమ్మీ పట్టుకుని, తరవాత గోడ పట్టుకుని, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి వచ్చారు. వంగి ఒక బూటు సరిచేశారు. రెండోదీ సరిచేశారు.

"ఇంట్లో గొడవలొస్తాయని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"రానీ," అన్నారాయన, అన్నంలో పప్పు కలుపుతూ.

లేచినావిడ ఎలాగూ లేచారు కాబట్టి, తిట్టుకుంటూనే చేతులు కడుక్కుని బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నారు. తిన్నాక ఆయన వంగి ఆవిడ పాదం ఎత్తి మేజోడు అడుగు చూశారు. దాని మీద రబ్బరు చుక్కలున్నాయి, నున్నటి నేల మీద జారకుండా. చుక్కలు అరిగాయా లేదా అని బొటనవేలితో నొక్కి చూశారు, వ్రతం రోజున బూట్లు నొక్కినట్టే.

తిరిగొచ్చేటప్పుడు అడగకుండానే చెప్పారు. "ఫిజియో అమ్మాయి మంచిది. రోజూ వచ్చి నడుద్దాం రండి అంటుంది. ఈవిడ రేపంటుంది. ఎవరికోసమూ లేవదు. ఆ బూట్ల కోసం లేస్తుంది. బుర్ర మరిచిపోయింది, సరే, ఏం చేస్తాం. కాళ్లు కూడా మరిచిపోతే ఇంక మంచమే."

"నర్సులకి చెప్పొచ్చు కదంకుల్, వాళ్లు తిరగేసి పెడతారు."

"చెప్పా. పాపం వాళ్ల షూస్ తిరగేసి పెట్టారు. చూసి ఊరుకుంది."

"ఎందుకని?"

"వాళ్లింట్లో గొడవైతే ఈవిడకేంటి?"

నవ్వు రావాల్సిన మాట. నేను నేల చూసుకోవడం మరిచి నడిచాను. ఆయన మూలింటి గొట్టం వైపు కర్ర చూపించి, "చూసుకో" అన్నారు.

జూలైలో ఆయన పోయాక కూతురు వచ్చింది. మంచి పిల్ల, అన్నీ పద్ధతిగా చేసింది. వెళ్లేముందు ఇల్లు ఖాళీ చేస్తూ ఆయన బట్టలు, బూట్లు, లాడాలు సంచుల్లో కట్టి డొనేషన్ పెట్టెలో వేసేసింది. తండ్రి పాత బూట్లు తల్లి కాళ్లని ఆ పిల్లకి ఎవరు చెప్పాలి? నాకు తెలిసేసరికి పెట్టె ఖాళీ చేసుకుని పోయారు.

ఆంటీని చూడ్డానికి అందరం వెళ్లాం. పరామర్శకి వచ్చినవాళ్లు చెప్పులు ఎప్పుడూ లేనంత పద్ధతిగా విడిచారు. చాప మీద జతలు జతలుగా, ముక్కులు గోడకి, వరుస తప్పకుండా. ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. అందరూ వెళ్లాక నేను నా శాండిల్స్ తిరగేసి చూశాను. ఆవిడ చూపు వాటి మీదికి వచ్చింది, అక్కడి నుంచి కిటికీలోకి పోయింది. అవి ఎవరివో. ఆ ఇల్లు ఎవరిదో. సెప్టెంబరు కల్లా భోజనాల గదికి వీల్‌చెయిర్‌లో తీసుకెళ్తున్నారని తెలిసింది. ఫిజియో అమ్మాయి కారిడార్‌లో కనిపించి, "షి యూజ్డ్ టు వాక్ సో మచ్" అంది. ఆయన ప్రతి మధ్యాహ్నం కాపలా కాసిన ఆ కాళ్లు మా అందరి కళ్లముందే పోతుంటే నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చేది.

నిన్న కిటికీ దగ్గర నిలబడి ఉండగా ఆ ప్రశ్న గుర్తొచ్చిందని చెప్పాను కదా. ఎక్కడి నుంచి ఎక్కడికి? ఈసారి నా దగ్గర జవాబుంది. మా గుమ్మం నుంచి ఆవిడ గది దాకా. పప్పు, వంకాయ కూర క్యారియర్లో సర్ది, సంచి ఛాతీకి అడ్డంగా వేసుకుని, మేకుల లాడాలు తొడుక్కుని బయల్దేరాను. దారంతా బాతు నడకే. పార్కులో ఏటవాలు దగ్గర ఒకసారి గుండె జారింది, కాలు జారలేదు.

కేర్ హోమ్ బెంచీ మీద కూర్చుని లాడాలు తీయబోతూ ఆగాను. అవి ఆయన కొనిపించిన రకమే, ఆయన తొడుక్కున్న రకమే. లాడాలు తీయకుండా బూట్లే విప్పి చేత్తో పట్టుకున్నాను. మేజోళ్లతో కారిడార్ అంతా నడిచాను.

ఆంటీ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. చిక్కిపోయారు. నేను చాప ముందు వంగాను. చెయ్యి రాలేదు. మా అమ్మ చేతి దెబ్బలు తిన్న చెయ్యి అది, చెప్పు తిరగేసి పెట్టమంటే ఎలా వస్తుంది? అయినా పెట్టాను. రెండూ బోర్లా, మేకులు పైకి. వాటి సందుల్లో ఇరుక్కున్న మంచు కరిగి చుక్కలు చుక్కలుగా చాప మీద పడుతోంది.

పలకరించలేదు. బల్ల దగ్గర కూర్చుని గిన్నెలు విప్పాను. మూతల చప్పుడు నాకే వినపడుతోంది.

ఆవిడ చూపు గదంతా తిరిగింది. చాప మీదికొచ్చింది. నేను అన్నంలో పప్పు కలుపుతున్నట్టు నటించాను.

కుర్చీ కిర్రుమంది. మొదటిసారి లేవలేకపోయారు, కూలబడ్డారు. లేచి పట్టుకుందామనుకుని, పట్టుకుంటే ఆగిపోతారేమోనని అలాగే కూర్చున్నాను. రెండోసారి లేచారు. మంచం కమ్మీ. గోడ. పాదాలకి రబ్బరు చుక్కల మేజోళ్లు, ఆయన కొన్నవే. ఒక్కో అడుగు నేలని అడిగి వేస్తున్నట్టు వేశారు. చాప దగ్గరికొచ్చేసరికి ఆయాసపడుతున్నారు. వంగి ఒక బూటు సరిచేశారు. గోడకి చెయ్యి ఆనించుకుని ఊపిరి తీసుకుని రెండోదీ సరిచేశారు.

తరవాత నా వైపు తిరిగారు.

"ఇంట్లో గొడవలొస్తాయని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"రానీ," అన్నాను.

ఆవిడ తిట్టుకుంటూ, చేతులు కడుక్కోవడానికి నడిచి వెళ్లారు.